వాలు అక్షరం – మాటల అమానతు

ఆంగ్ల పుస్తకం ఏదైనా తెరిచి చూడండి. నిటారుగా నిలిచిన అక్షరాల వరుసల మధ్య అక్కడక్కడ ఒక పదమో, ఒక వాక్యమో కుడివైపునకు కొద్దిగా వాలి కనిపిస్తుంది. ఆ అక్షరాన్నే ఇటాలిక్ అంటారు. వివాహ ఆహ్వాన పత్రికల మీద, యోగ్యతా పత్రాల మీద, అత్తరు సీసాల మీద కూడా ఆ వాలు అక్షరం సొగసుగా దర్శనమిస్తుంది. అందువల్ల అది కేవలం అలంకారమని చాలామంది భావిస్తారు. అయితే శతాబ్దాలుగా ఆ అక్షరం చేస్తూ వచ్చిన ముఖ్యమైన పని అలంకరణ కాదు. “ఈ మాట చుట్టూ ఉన్న మాటల వంటిది కాదు, దీని మూలం వేరు” అని చదువరికి తెలపడమే దాని పని. ఎవరి మాట ఎవరిదో వేరుపరచి చూపడమే దాని ధర్మం.

అల్లాహ్ గ్రంథాన్ని తెలుగు అనువాదంలో చదువుకొంటున్న, పిల్లలకు చదివి వినిపిస్తున్న, ఫోనుల ద్వారా బంధుమిత్రులకు పంపుతున్న మన కుటుంబాలకు ఈ విషయం చిన్నది కాదు. సృష్టికర్త వాక్కు ఎక్కడ ముగిసిందో, మనిషి వివరణ ఎక్కడ మొదలయిందో తెలియకపోతే అమానతుకు భంగం వాటిల్లుతుంది. కనుక ఆ వాలు అక్షరం ఎలా పుట్టింది, ఏయే పనులకు ఉపయోగపడింది, అదే పనిని మన పూర్వ పండితులు ఏ విధంగా నిర్వర్తించారు, వాలు అక్షరం లేని తెలుగులో మనం ఏమి చేయాలి అన్న అంశాలను క్రమంగా పరిశీలిద్దాం.

వెనిస్ నగరంలో పుట్టుక

ఇటాలిక్ అన్న పేరులోనే దాని పుట్టిల్లు ఉంది. 15వ శతాబ్దపు ఇటలీలో విద్వాంసులు, కార్యాలయాల లేఖకులు వేగంగా రాయడానికి ఒక వాలు చేతిరాతను వాడేవారు. ఫ్లోరెన్స్ నగరపు పండితుడు నిక్కొలో నిక్కొలి రాత దానికి ఒరవడి అయిందని చరిత్రకారులు చెబుతారు. కలం కాగితం మీద నుంచి మాటిమాటికీ లేవకుండా సాగినప్పుడు అక్షరం సహజంగానే ముందుకు వాలుతుంది, సన్నబడుతుంది, పక్క అక్షరంతో చేయి కలుపుతుంది. ఇటలీ ప్రజలు నేటికీ దీనిని ‘కొర్సీవో’ అంటారు. పరుగెత్తే రాత అని దాని భావం.

ఆ చేతిరాతను అచ్చులోకి తెచ్చినవాడు వెనిస్ నగరంలో ముద్రణాలయం నడిపిన ఆల్డస్ మనూషియస్. ఆయన కోసం లోహపు అచ్చులను చెక్కిన నిపుణుడు ఫ్రాంచెస్కో గ్రిఫో. 1501లో లాటిన్ కవి వర్జిల్ కావ్యాలను మొదటి నుంచి చివరి వరకు ఈ వాలు అక్షరాలతోనే ముద్రించారు. బల్ల మీద పరచి చదవవలసిన భారీ గ్రంథాల కాలంలో అది చేతిలో ఇమిడే చిన్న పుస్తకం. తమ చేతిరాతను పోలిన అచ్చును చూసి విద్యావంతులు దానిని ఆదరించారు. ఇతర నగరాల ముద్రాపకులు వెంటనే అనుకరించారు.

ఇక్కడ మనం గమనించవలసిన మరొక సంగతి ఉంది. అదే వెనిస్ నగరంలో 1537, 1538 ప్రాంతంలో పగనీనీ అనే ముద్రాపకుల కుటుంబం దివ్య ఖుర్ఆన్ అరబ్బీ మూలాన్ని అచ్చువేసింది. ఆ ప్రతిలో దోషాలు అనేకం. దాల్, జాల్ అక్షరాల మధ్య తేడా సైతం సరిగా పాటించలేదు. అచ్చు కళలో ఆ నగరానికి సాటి లేదు. అయినా పుటను తీర్చిదిద్దే నైపుణ్యం వేరు, ఆ పుట మోసే వాక్కు పట్ల బాధ్యత వేరు అని ఆ ప్రతి మనకు తెలియజేస్తుంది.

ఒరిగితే చాలదు

నిటారు అక్షరాన్ని పక్కకు వంచితే ఇటాలిక్ అవుతుందని అనుకోవడం పొరపాటు. రోమన్ అక్షరాల గీతల చివర చిన్న పాదాల వంటి కొసలు ఉంటాయి. వాటిని సెరిఫ్ అంటారు. నిటారు అక్షరంలో ఈ కొసలు నేల మీద ఆనిన అడుగుల వలె ఇరువైపులా పరచుకొని ఉంటాయి. ఇటాలిక్‌లో అలా ఉండవు. కలం కాగితాన్ని తాకిన చోట ఒక సన్నని కొక్కెం, కాగితాన్ని వదిలిన చోట మరొక కొక్కెం మాత్రమే మిగులుతాయి. చిన్న ‘ఏ’ అక్షరం పైన ఉండే వంపును వదలి ఒకే గుండ్రని రూపం ధరిస్తుంది. ‘ఎఫ్’ అక్షరం తోక పంక్తి కిందికి దిగుతుంది. అక్షరాలన్నీ కొంత ఇరుకవుతాయి. వాలు మాత్రం కొద్దిపాటిదే. కాబట్టి మంచి ఇటాలిక్ నిటారు అక్షరానికి వంగిన నీడ కాదు. అదే ఇంట పుట్టి, వేరే స్వభావం గల తోబుట్టువు.

16వ శతాబ్దంలో ఫ్రాన్స్ దేశపు శిల్పులు ఈ రెంటినీ ఒకే పుటలో జతగా నిలిపారు. అంతకు ముందు పుస్తకమంతా నిటారుగానో, పుస్తకమంతా వాలుగానో ఉండేది. నిటారు అక్షరానికి క్లోద్ గారమాండ్, వాలు అక్షరానికి రాబర్ట్ గ్రాంజాన్ పేరొందారు. నేడు కంప్యూటర్లలో గారమాండ్ పేరుతో లభించే అక్షరాలలో కొన్నింటి ఇటాలిక్ రూపం నిజానికి గ్రాంజాన్ చెక్కిన వాలు అక్షరాలను చూసి తీర్చిదిద్దినది. 1989లో రాబర్ట్ స్లిమ్‌బాక్ రూపొందించిన అడోబ్ గారమాండ్ అందుకు ఉదాహరణ.

ఈ గ్రాంజానే 1580ల దశకంలో రోమ్ నగరంలో అరబ్బీ అచ్చు అక్షరాలను కూడా చెక్కాడు. ఇబ్ను సీనా రచించిన ‘అల్-ఖానూన్’ వైద్య గ్రంథం 1593లో రోమ్‌లోని మెడిచీ ముద్రణాలయం నుంచి అరబ్బీలో వెలువడినప్పుడు ఉపయోగపడినవి ఆయన అక్షరాలే. ఐరోపాలో అతి సొగసైన వాలు అక్షరాన్ని తీర్చిన చేయి, అరబ్బీ నస్ఖ్ లిపి వంపులను కూడా శ్రద్ధగా అనుసరించిందన్నమాట.

ఏయే పనులకు?

జతగా నిలిచిన తరువాత వాలు అక్షరానికి ప్రత్యేకమైన విధులు ఏర్పడ్డాయి. పుస్తకాల పేర్లు, పత్రికల పేర్లు, ఓడల పేర్లు ఆంగ్లంలో ఇటాలిక్‌గా అచ్చవుతాయి. నాటకంలో పాత్ర పలికే మాట నిటారుగా ఉంటే, పాత్ర ఏమి చేస్తున్నదో తెలిపే రచయిత సూచన వాలుగా ఉంటుంది. పరభాషా పదం ఆంగ్ల వాక్యంలోకి వచ్చినప్పుడు అది అతిథి అని చూపడానికి వాలుగా వేస్తారు. మొక్కల, జంతువుల శాస్త్రీయ నామాలకూ ఇదే నియమం. మన పెరట్లోని వేపచెట్టును శాస్త్రజ్ఞులు ‘అజాడిరక్టా ఇండికా’ అంటారు. అందులోని మొదటి మాట పారసీ భాషలోని ‘ఆజాద్ దరఖ్త్’ నుంచి వచ్చినదే. ఉర్దూ తెలిసిన ప్రతి ఇంటికీ అది పరిచితమైన మాట. జీవశాస్త్ర పరీక్షలో మన పిల్లలు ఇటువంటి పేర్ల కింద గీత గీస్తారు. చేతితో వాలు అక్షరం రాయలేని చోట దానికి బదులుగా ఆ గీత నిలుస్తుంది.

ఈ విధులన్నింటినీ కలిపి చూస్తే ఒకే సూత్రం కనబడుతుంది. పుటలో ప్రధాన స్వరం ఒకటి ఉంటుంది. దానిలోకి మరొక స్వరం ప్రవేశించినప్పుడు అక్షరం వాలుతుంది. నొక్కి పలకవలసిన పదానికి వాడినప్పుడు కూడా జరిగేది అదే, అక్కడ మాట్లాడేవాని స్వరం మారుతుంది.

సూత్రం ఇదైనందువల్లే దానికి పరిమితి కూడా ఏర్పడింది. పుటలు పుటలుగా వాలు అక్షరమే ఉంటే కన్ను అలసిపోతుంది, పైగా ఏది వేరో తెలియదు. అనుభవం గల ముద్రాపకులు దానిని పొదుపుగా వాడతారు. మన వివాహ పత్రికలలో వధూవరుల పేర్లు వాలు అక్షరంలో ఉంటే ముచ్చటగానే ఉంటుంది. కాని నికాహ్ సమయం, మస్జిద్ చిరునామా, ఫోను నంబరు కూడా అల్లుకుపోయిన తీగల వంటి అక్షరాలలో వేస్తే కళ్లద్దాలు సవరించుకొంటూ చదివే దాదీ, నానీలకు అది ఇబ్బంది కలిగిస్తుంది. అతిథిని పిలవడానికి వేసిన పత్రిక అతిథికి అర్థం కావాలి కదా!

అనువాదకుడు చేర్చిన పదం

వాలు అక్షరం నిర్వర్తించిన పనులన్నింటిలో ఎక్కువ బరువైనది ధర్మగ్రంథాల అనువాదంలో కనిపిస్తుంది. 1560లో జెనీవా నగరంలో ఆంగ్ల బైబిలు ఒకటి వెలువడింది. మూలభాషలో లేకపోయినా ఆంగ్ల వాక్యం పూర్తి కావడానికి అనువాదకులు కొన్ని పదాలు చేర్చవలసి వచ్చింది. అటువంటి ప్రతి పదాన్నీ వారు ఇటాలిక్‌లో వేశారు. 1611లో జేమ్స్ రాజు ఆదేశంతో వెలువడిన అనువాదం మొదట దట్టమైన గోథిక్ అక్షరాలలో అచ్చయింది. అందులో చేర్చిన పదాలను చిన్న రోమన్ అక్షరాలతో వేరుచేశారు. తరువాతి ముద్రణలలో ప్రధాన పాఠం రోమన్ అక్షరాలకు మారగా, చేర్చిన పదాలు వాలు అక్షరాలయ్యాయి.

పూర్వ గ్రంథాల పాఠ పరిరక్షణ గురించి మన విశ్వాసం అందరికీ తెలిసినదే, ఆ చర్చ ఇక్కడ ఉద్దేశించినది కాదు. కాని “ఈ పదం మాది, మూలంలోనిది కాదు” అని పుటలోనే ఒప్పుకొన్న ఆ పద్ధతిలోని నిజాయితీని న్యాయదృష్టితో గుర్తించాలి. అదే సమయంలో ఆ పద్ధతికి ఎదురైన చిక్కును కూడా గమనించాలి. కాలక్రమంలో ఆంగ్ల పాఠకులు వాలు అక్షరాన్ని నొక్కి పలకవలసిన పదానికి గుర్తుగా అలవాటు చేసుకొన్నారు. ఫలితంగా కొందరు ఆ గ్రంథాన్ని బిగ్గరగా చదివేటప్పుడు, మూలంలో లేని పదాన్నే ఒత్తి పలకసాగారు. “దీనిని వేరుగా చూడండి” అని పెట్టిన గుర్తును “దీనినే ముఖ్యంగా చూడండి” అని అర్థం చేసుకొన్నారు. గుర్తు ఎంత అందమైనదైనా, దాని అర్థం చదువరికి తెలియకపోతే ప్రయోజనం నెరవేరదు.

మన పూర్వీకుల జాగ్రత్త

వాలు అక్షరం పుట్టడానికి ఎనిమిది శతాబ్దాల ముందే ముస్లిం సమాజం ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది, దానికి సమాధానాలు కనుగొన్నది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక దశలో తన నుంచి ఖుర్ఆన్ తప్ప మరేదీ రాయవద్దని సహాబాలను వారించినట్లు హదీసులలో ఉంది. ఖుర్ఆన్ వాక్యాలతో ఇతర మాటలు ఒకే పత్రం మీద కలిసిపోకూడదన్నది పండితులు చెప్పిన కారణాలలో ఒకటి. తరువాత హదీసులు రాయడానికి అనుమతి లభించింది, ఆ మహా శాస్త్రం అభివృద్ధి చెందింది. కాని రెండు స్వరాలు కలిసిపోరాదన్న మొదటి జాగ్రత్త మాత్రం శాశ్వతంగా నిలిచింది.

తొలికాలపు ముస్‌హఫ్‌లలో నేడు మనం చూసే జేర్, జబర్, పేష్‌లు లేవు. అరబ్బేతరులు ఇస్లాం స్వీకరించి పఠనంలో తడబడుతుండగా, అబుల్ అస్వద్ దువలీ (రహ్మ) అచ్చుల ఉచ్చారణను సూచించే చుక్కలు పెట్టే పద్ధతి ప్రవేశపెట్టారు. ఆయన హిజ్రీ 69లో మరణించారు. తన పెదవుల కదలికను చూస్తూ చుక్కలు పెట్టమని లేఖకునికి చెబుతూ, మూలపాఠానికి వాడిన సిరా రంగుకు భిన్నమైన రంగు వాడమని ఆదేశించారని కథనం. పఠనానికి ఎంతో అవసరమైన చేర్పు అది. అయినా అది చేర్పు అని తెలిసేలా రంగు మార్చారు. సూరాల పేర్లు, ఆయత్‌ల సంఖ్య వంటి వివరాలను కూడా కాతిబులు వేరే లిపిలో, వేరే రంగులో, గళ్ల మధ్య రాశారు. ఖుర్ఆన్ పాఠంలో ఒక్క అక్షరం కూడా మనిషి మాటతో కలవకుండా పుట కూర్పే కాపలా కాసింది.

హదీసు శాస్త్రంలో ఇదే జాగ్రత్తకు ఒక ప్రత్యేక నామం ఉంది. ఉల్లేఖకుడు తన వివరణను హదీసు పాఠం మధ్యలో చెప్పగా, విన్నవారు దానిని కూడా పాఠంలో భాగంగా ఉల్లేఖిస్తే దానిని ‘ముద్రజ్’ అంటారు. వహీ ఆరంభాన్ని తెలిపే హజ్రత్ ఆయిషా (రజి) గారి సుప్రసిద్ధ హదీసు సహీహ్ బుఖారీ తొలి పుటలలో ఉంది. హిరా గుహలో దైవప్రవక్త (స) గడిపిన రాత్రుల ప్రస్తావనలో ‘తహన్నుస్’ అనే అరుదైన పదం వస్తుంది. వెంటనే “అంటే ఆరాధన” అన్న అర్థంలో ఒక చిన్న వివరణ వస్తుంది. ఆ వివరణ హజ్రత్ ఆయిషా (రజి) గారి మాట కాదని, ఉల్లేఖకులలో ఒకరైన ఇమామ్ జుహ్రీ (రహ్మ) చేర్చినదని హాఫిజ్ ఇబ్ను హజర్ (రహ్మ) వంటి పండితులు స్పష్టం చేశారు. వివరణ సరైనదే, ఉపయోగకరమైనదే. అయినా అది ఎవరిదో చెప్పకుండా వదలలేదు. ఖతీబ్ బగ్దాదీ (రహ్మ) అయితే ఇటువంటి చేర్పులను వేరుపరచడానికే ఒక పూర్తి గ్రంథం రచించారు. ఆ గ్రంథం ఆధారంగా ఇబ్ను హజర్ (రహ్మ) కూర్చిన సంగ్రహాన్ని ఇమామ్ సుయూతీ (రహ్మ) మరింత సంక్షిప్తం చేశారు.

ఈ సుయూతీ (రహ్మ) గారే మన మదర్సాలలో నేటికీ బోధించే ‘తఫ్సీరె జలాలైన్’ రచయితలలో ఒకరు. ఆయన గురువు జలాలుద్దీన్ మహల్లీ (రహ్మ) ఆరంభించిన తఫ్సీరును శిష్యుడు పూర్తి చేశారు. ఆ గ్రంథంలో ఆయత్‌లోని ఒకటి రెండు పదాలు, వెంటనే వాటి వివరణ, తిరిగి ఆయత్‌లోని పదాలు, ఇలా అల్లికగా సాగుతుంది. రెండూ అరబ్బీయే, వాక్యం కూడా ఒకటిగానే ప్రవహిస్తుంది. అందువల్ల ఇటువంటి గ్రంథాల కాతిబులు మూలాన్ని ఎర్ర సిరాతో రాయడమో, దాని మీద గీత గీయడమో చేశారు. ముద్రణ వచ్చిన తరువాత మూలపాఠాన్ని కుండలీకరణాలలో ఉంచే పద్ధతి వ్యాపించింది. జలాలైన్ పాఠం చదివే విద్యార్థికి ఉపాధ్యాయుడు మొట్టమొదట నేర్పేది వ్యాకరణం కాదు, ఏది కలాముల్లాహ్, ఏది ముఫస్సిర్ మాట అని వేలు పెట్టి చూపడం.

నస్ఖ్, నస్తాలీఖ్: ఒకే పుటలో రెండు స్వరాలు

మన ఇళ్లలోని ఉర్దూ తర్జుమా గల ముస్‌హఫ్‌ను ఒకసారి తెరిచి చూడండి. ఆయత్ పెద్ద అక్షరాలతో, సంపూర్ణమైన జేర్ జబర్‌లతో నస్ఖ్ లిపిలో ఉంటుంది. దాని కిందనే సన్నగా, కుడి పై నుంచి ఎడమ కిందికి జారుతున్నట్టు నస్తాలీఖ్ లిపిలో ఉర్దూ తర్జుమా ఉంటుంది. నస్తాలీఖ్ ఇరాన్‌లో 14, 15 శతాబ్దాల సంధికాలంలో రూపుదిద్దుకొన్నది. దానికి తీరైన రూపం ఇచ్చిన ఘనత మీర్ అలీ తబ్రీజీకి దక్కింది. ఇటలీలో వాలు చేతిరాత రూపొందిన కాలం కూడా దాదాపు అదే. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దేశాలలో, వేగంగా సొగసుగా రాయాలన్న ఒకే అవసరం రెండు వాలు రాతలకు జన్మనిచ్చింది.

నస్తాలీఖ్ కవిత్వానికి, లేఖలకు, ఫర్మానాలకు వాహకమయింది. కాని ముస్‌హఫ్‌లో ఆయత్ రాయడానికి సాధారణంగా నస్ఖ్‌నే ఎంచుకొన్నారు. నస్ఖ్‌లో ప్రతి అక్షరం విడివిడిగా గుర్తుపట్టేలా ఒకే పంక్తి మీద నిలుస్తుంది, జేర్ జబర్‌లకు చోటు దొరుకుతుంది, కొత్తగా చదువు నేర్చిన బాలుడు కూడా తప్పులేకుండా పఠించగలుగుతాడు. నస్తాలీఖ్ ఎంత మనోహరమైనదైనా దానికి తర్జుమా స్థానమే కేటాయించారు. ఈ విధంగా అరబ్బీ, ఉర్దూ రెండూ రాని వ్యక్తి సైతం పుటను చూడగానే ఇక్కడ రెండు స్వరాలున్నాయని గ్రహిస్తాడు. ఆంగ్లంలో నిటారు, వాలు అక్షరాల జత చేసే పనిని మన పుటలో ఈ రెండు లిపులు అంతకంటే స్పష్టంగా చేశాయి.

తెలుగుకు వాలు అక్షరం కావాలా?

తెలుగును ‘తూర్పు దేశపు ఇటాలియన్’ అంటారు. చిత్రమేమంటే ఆ తెలుగుకు సొంత ఇటాలిక్ లేదు. మన తాటాకుల మీద గంటంతో గుండ్రంగా సాగిన లిపికి అటువంటి జత అక్షరం పుట్టలేదు. కంప్యూటరులో వాలు గుర్తు నొక్కితే తెలుగు అక్షరం కూడా ఒరుగుతుంది, కాని అది నిజమైన ఇటాలిక్ కాదు. యంత్రం అక్షరపు బొమ్మను యథాతథంగా పక్కకు నెడుతుంది. తలకట్టు కుడికి జరుగుతుంది, కింది ఒత్తు ఎడమకు జరిగి పక్క అక్షరానిదా అన్న అనుమానం కలిగిస్తుంది. అరబ్బీకి అదే చేస్తే మరింత అనర్థం. కుడి నుంచి ఎడమకు నడిచే లిపి కుడివైపునకు ఒరిగితే వెనక్కి పడిపోతున్నట్టు ఉంటుంది, పైనున్న జబర్, కిందనున్న జేర్ తమ అక్షరం నుంచి తొలగిపోతాయి. ఆయత్‌ను ఏ పరిస్థితిలోనూ ఆ విధంగా వంచరాదు.

నొక్కి చెప్పడానికైతే తెలుగుకు వాలు అక్షరం అవసరమే లేదు. ‘నేను వస్తాను’ అన్న మాటను ‘నేనే వస్తాను’ అని ఒక్క ఏత్వంతో మార్చగల భాష మనది. ఆంగ్లం అక్షరాన్ని వంచి చెప్పవలసిన దానిని తెలుగు పదంలోనే పలికిస్తుంది.

దీనికి ఒక శ్రేష్ఠమైన ఉదాహరణ ఉంది. ముహమ్మద్ మార్మడ్యూక్ పిక్తాల్ ఆంగ్ల దేశంలో పుట్టి, ఇస్లాం స్వీకరించి, 1925 నుంచి హైదరాబాదులో నిజాం ప్రభుత్వ సేవలో ఉన్నారు. ఆ సేవలో ఉండగానే, నిజాం మంజూరు చేసిన సెలవు కాలంలో తన ఖుర్ఆన్ అనువాదాన్ని పూర్తిచేసి 1930లో వెలువరించారు. ఖుర్ఆన్‌కు సంపూర్ణ అనువాదం అసాధ్యమన్న భావంతో తన గ్రంథాన్ని ఆయన ఖుర్ఆన్ అని గాక ఖుర్ఆన్ భావమని పేర్కొన్నారు. ఫాతిహా సూరాలో దాసుడు తన ఆరాధనను అల్లాహ్‌కే ప్రత్యేకించే ఆయత్ వద్ద, ‘మాత్రమే’ అన్న అర్థమిచ్చే ఆంగ్ల పదాన్ని ఆయన కుండలీకరణాలలో ఉంచారు. ఎందుకంటే అరబ్బీ మూలంలో ‘మాత్రమే’ అన్న విడి పదం లేదు. కర్మపదాన్ని క్రియకు ముందు నిలపడం వల్ల ఆ భావం వస్తుంది. భావం సత్యం, పదం మాత్రం అనువాదకునిది. ఆ తేడాను ఆయన దాచలేదు. తెలుగులోనైతే ‘నిన్నే’ అంటే చాలు, అదనపు పదమూ అక్కరలేదు, కుండలీకరణమూ అక్కరలేదు. మన భాషకు అల్లాహ్ ప్రసాదించిన సౌలభ్యాలలో ఇది ఒకటి.

కాని అన్ని చోట్లా ఈ సౌలభ్యం ఉండదు. సర్వనామం ఎవరిని ఉద్దేశించినదో చెప్పడానికి, మూలంలో సంక్షిప్తంగా ఉన్న భావాన్ని విప్పడానికి, సందర్భం తెలపడానికి తెలుగు అనువాదకులు పదాలు చేర్చవలసి వస్తుంది. వాటిని కుండలీకరణాలలో ఉంచుతారు. తెలుగులో మన వాలు అక్షరం ఆ కుండలీకరణమే.

కుండలీకరణం చెరిగితే

నేటి ఫోనుల కాలంలో కుండలీకరణానికి ఒక అదనపు బలం ఉంది. వాలు అక్షరం ఒక వేషం వంటిది. సందేశాన్ని ఒక చోట నుంచి మరొక చోటికి మార్చినప్పుడు చాలాసార్లు ఆ వేషం తొలగి, అక్షరం మామూలుగా నిటారుగా మిగులుతుంది. కుండలీకరణం అలా కాదు, అది కూడా అక్షరాల వలె ఒక గుర్తే కనుక వాటితోపాటే ప్రయాణిస్తుంది. దానిని చెరపాలంటే మనిషి చేయే చెరపాలి.

దురదృష్టవశాత్తు మన చేతులే ఆ పని చేస్తున్నాయి. చదవడానికి సాఫీగా ఉంటుందనో, బొమ్మ మీద అందంగా ఇముడుతుందనో కుండలీకరణాలను తీసివేసి, లోపలి మాటలను మాత్రం ఉంచి, కింద సూరా పేరు, ఆయత్ సంఖ్య వేసి పంపుతున్నారు. పది చేతులు మారిన తరువాత అనువాదకుని వివరణ దివ్య వాక్కుగా చెలామణి అవుతుంది. వేరొక అనువాదం చదివిన యువకుడు తన పుస్తకంలో ఆ మాట లేదని వాదిస్తాడు. “ఖుర్ఆన్‌లో స్పష్టంగా ఉంది” అని మొదటివాడు పట్టుబడతాడు. నిజానికి ఇద్దరూ వాదిస్తున్నది ఆయత్ గురించి కాదు, ఒక కుండలీకరణం గురించి. హదీసువేత్తలు ముద్రజ్ అని పేరు పెట్టి, గ్రంథాలు రాసి, ఎంతో శ్రమించి వేరుచేసిన కలగాపులగాన్ని మనం బొటనవేలి ఒక్క కదలికతో తిరిగి సృష్టిస్తున్నాము.

బిగ్గరగా చదివినప్పుడు కూడా ఇదే ప్రమాదం. కన్ను చూసే కుండలీకరణాన్ని చెవి వినలేదు. తండ్రి తెలుగు అనువాదాన్ని ఏకధాటిగా చదివితే, ఎదుట కూర్చున్న పిల్లవానికి అంతా అల్లాహ్ మాటగానే వినబడుతుంది. పదేళ్ల తరువాత ఆ పిల్లవాడు అరబ్బీ నేర్చుకొని మూలంలో ఆ మాట లేదని తెలుసుకొంటే, అతని మనసులో అనవసరమైన కలత పుట్టవచ్చు. ఆ కలతకు అనువాదకుడు కారణం కాదు. ఆయన తన బాధ్యతగా గుర్తు పెట్టాడు, చదివినవారు దానిని వినిపించలేదు.

కనుక మన ఇళ్లలో కొన్ని అలవాట్లు నెలకొల్పుకోవడం మేలు. పిల్లలకు వినిపించేటప్పుడు ముందుగా ఆయత్‌ను అరబ్బీలో పఠించి, తరువాత అనువాదం చదవాలి. కుండలీకరణం వచ్చిన చోట కొద్దిగా ఆగి, స్వరం తగ్గించి, “ఇది అనువాదకుని వివరణ” అని ఒక్కసారైనా చెప్పాలి. అక్షరం వాలలేని చోట మన స్వరాన్ని వాల్చాలన్నమాట. నాలుగు రోజులు అలా చదివితే పిల్లలే ఆ తేడాను గుర్తుపట్టి అడగసాగుతారు. సందేశం పంపేటప్పుడు కుండలీకరణాలను యథాతథంగా ఉంచాలి, అనువాదకుని పేరు జతచేయాలి. రెండు అనువాదాల మధ్య తేడా కనిపిస్తే వాదనకు దిగే ముందు, ఆ తేడా కుండలీకరణం లోపల ఉందా, వెలుపల ఉందా అని చూడాలి. వెలుపల ఉంటే ఆలిమ్‌ను సంప్రదించాలి.

కరపత్రాలు, క్యాలెండర్లు, జల్సా పోస్టర్లు వేయించేవారు మరికొంత శ్రద్ధ వహించాలి. ఆయత్ నస్ఖ్ లిపిలో, పూర్తి జేర్ జబర్‌లతో, నిటారుగా ఉండాలి. దాని తెలుగు భావం వేరే పంక్తిలో ఉండాలి. నిర్వాహకుల సొంత మాట ఇంకొక పరిమాణంలోనో, మరొక రంగులోనో ఉండాలి. ఆంగ్ల పేర్లకు సొగసైన వాలు అక్షరం వాడుకోవచ్చు, అది దానికి తగిన చోటే. అచ్చుకు వెళ్లే ముందు అరబ్బీ తెలిసిన వ్యక్తి చేత ఒకసారి చదివించాలి. డీటీపీ చేసే సోదరునికి అరబ్బీ రాకపోవడం తప్పు కాదు, చూపించకుండా అచ్చువేయించడం మన తప్పు.

గ్రిఫో చెక్కిన వాలు అక్షరం, దువలీ (రహ్మ) పెట్టించిన రంగు చుక్క, కాతిబు గీసిన ఎర్ర గీత, పిక్తాల్ ఉంచిన కుండలీకరణం వేర్వేరు దేశాలలో, వేర్వేరు కాలాలలో పుట్టాయి. మొదటిది సొగసు కోసం పుట్టి తరువాత ఈ సేవలో చేరింది, మిగిలినవి ఈ సేవ కోసమే పుట్టాయి. పరుల మాటను తనదిగా, తన మాటను పరులదిగా చెప్పకుండా ఉండటం ప్రతి విషయంలోనూ నిజాయితీయే. అల్లాహ్ వాక్కు విషయంలో అది ఈమాన్‌కు సంబంధించిన బాధ్యత.

తన గ్రంథాన్ని యథాతథంగా చదివే, యథాతథంగా అందించే భాగ్యాన్ని అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.